మెలనీషియా చెక్క పళ్లెం ఇంటికొచ్చాక: పరీక్షించడం, శుభ్రం చేయడం, వడ్డించడం ఎలా?

పసిఫిక్ మహాసముద్రంలోని మెలనీషియా దీవుల్లో, అంటే పాపువా న్యూ గినీలోనో, సొలొమన్ దీవుల్లోనో, ఫిజీలోనో కొన్నాళ్లు పనిచేసి తిరిగివచ్చే మనవాళ్ల సామానులో తరచూ ఒక చెక్క పళ్లెం కనిపిస్తుంది. కోలగా, పడవ ఆకారంలో, అంచు చుట్టూ తెల్లగీతల నగిషీతో ఉంటుంది. వచ్చిన నెలలోపే ప్రశ్నలు మొదలవుతాయి. ఇందులో తినేవి పెట్టవచ్చా? తుడిస్తే నల్లరంగు ఎందుకు వస్తోంది? అడుగున సన్నటి పొడి రాలుతోంది, పురుగా? వేసవిలో చీలింది, అతికించవచ్చా? విడివిడిగా జవాబులు చెప్పేకన్నా మొత్తం పనిని వరుసగా రాస్తే మేలనిపించింది.

ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: మీ పళ్లెం వడ్డన కోసం చెక్కిందా, అమ్మకం కోసం చెక్కిందా? రెండూ ఒకే మనిషి చేతిపని కావచ్చు, ఒకే దుంగలోవి కావచ్చు. తేడా అంతా పైపూతలో ఉంటుంది. అది తెలియకముందే నీళ్లతో కడగడం, నూనె పట్టించడం మొదలుపెట్టకండి. ఒకసారి నూనె ఇంకాక వెనక్కి తీయడం కుదరదు.

ఇంకా అక్కడే ఉండి, కొనబోతున్నవారికి

పాపువా న్యూ గినీలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు 1965 నాటి చట్టం ఉంది. కొత్తగా చెక్కి సంతలో అమ్మే పళ్లేలతో చిక్కులేదు. పాతదిగా కనిపించేదీ, తరాలుగా ఒక ఇంట్లో ఉన్నదీ కొంటే మాత్రం పోర్ట్ మోర్స్‌బీలోని నేషనల్ మ్యూజియం అండ్ ఆర్ట్ గ్యాలరీలో చూపించి, అనుమతి కాగితం చేతికొచ్చాకే పెట్టెలో సర్దండి.

పొదిగిన చిప్పల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. సొలొమన్ దీవుల పళ్లేలకు నాటిలస్ అనే సముద్రజీవి చిప్ప ముక్కలు పొదుగుతారు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. 2017 జనవరి నుంచి నాటిలస్ దాని రెండో అనుబంధంలో ఉంది, అంటే ఎగుమతి అనుమతి లేకుండా సరిహద్దు దాటించకూడదు. సముద్రపు తాబేటి చిప్ప ఉంటే అసలు కొనకండి, అది మొదటి అనుబంధం, అంటే దేశాల మధ్య వ్యాపారమే నిషేధం. ముత్యపు చిప్పకు ఈ బెడద లేదు. దారిలో ఆస్ట్రేలియాలో దిగి బయటకు వెళ్తుంటే, చెక్క వస్తువు ఉందని ఫారంలో తప్పకుండా రాయండి. రాసి చూపించినవారిని చాలావరకు పరీక్షించి పంపేస్తారు. దాచినవారికి జరిమానా పడుతుంది.

బేరం సంగతి కూడా చెప్పాలి. మన సంతల్లోలాగా సగం ధర నుంచి మొదలుపెట్టడం అక్కడ మర్యాద కాదు. ‘రెండో ధర ఉందా?’ అని ఒకసారి నెమ్మదిగా అడగవచ్చు. ఉంటే చెబుతారు, లేకపోతే మొదటి ధరే.

కావలసినవి

- మెత్తటి పెయింట్ బ్రష్షు, పాత దంతధావన బ్రష్షు
- ఉతికిన తెల్లటి నూలుగుడ్డలు, కనీసం ఆరు
- వంటింటి తూకం (గ్రాములు చూపించేది)
- పెద్ద పాలిథీన్ సంచి, అంటించే టేపు
- నల్ల కాగితం ఒకటి, భూతద్దం ఒకటి
- ఘాటులేని సబ్బు
- కొబ్బరి నూనె, కొద్దిగా తేనెమైనం
- గుల్లసున్నం, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు (తెల్లగీతలు రాలిపోయినవారికి మాత్రమే)

స్టీలు పీచు, చింతపండు, నిమ్మచెక్క, వెనిగర్, బ్లీచింగ్ పొడి వంటివి దగ్గరికి రానివ్వకండి. ఎందుకో దిగువన వస్తుంది.

1. ఏ తీరం పళ్లెమో గుర్తుపట్టండి

మెలనీషియా అంతటా ఒకే రకం పళ్లెం లేదు. ఏది ఏ పనికి పుట్టిందో తెలిస్తే దాన్ని ఎంతవరకు వాడవచ్చో కూడా తెలుస్తుంది.

కోలగా, లోతుగా, నల్లగా ఉండి, బయటివైపు చెక్కిన గీతల్లో సున్నం నింపి ఉంటే అది తమి దీవుల బాణీ. పాపువా న్యూ గినీలోని మొరోబే రాష్ట్రంలో, ఫిన్షాఫెన్‌కు దగ్గరగా ఉన్న చిన్న దీవులవి. పండించుకోవడానికి అక్కడ పెద్దగా నేల లేదు, అందుకే చెక్కుడు పనిని నమ్ముకున్నారు. క్విలా అనే గట్టి చెక్కలో మలిచిన పళ్లేలు పడవలెక్కి, సియాసీ దీవుల వర్తకుల చేతుల మీదుగా విటియాజ్ జలసంధి దాటి న్యూ బ్రిటన్ దీవి దాకా వెళ్లేవి. బదులుగా పందులు, కుండలు, చేమదుంపలు వచ్చేవి. కన్యాశుల్కం చెల్లింపులోనూ ఈ పళ్లేలకు చోటుంది. మీ చేతిలో ఉన్నది ఒకప్పుడు డబ్బుగా చెల్లిన వస్తువన్నమాట.

పలచగా, వెడల్పుగా, అంచు మీద మాత్రమే నగిషీ ఉంటే పాపువా న్యూ గినీలోనే ఉన్న ట్రోబ్రియాండ్ దీవులది కావచ్చు. అక్కడ ‘కబొమా’ అంటారు. పెండలాలు కుప్పగా పెట్టడానికీ, ‘మోనా’ వడ్డించడానికీ వాడతారు. మోనా అంటే పెద్ద కుండల్లో కొబ్బరితో ఉడికించే చేమదుంప వంటకం. పొడవాటి తెడ్లతో కలియబెట్టే పని మగవాళ్లది. ట్రోబ్రియాండ్ పనితనానికి గిరాకీ ఎక్కువ కాబట్టి అమ్మకం కోసం చేసిన సరుకూ అక్కడిదే ఎక్కువ. పైపూత పరీక్ష వీటికి తప్పనిసరి.

గుండ్రంగా, నాలుగు పొట్టి కాళ్లతో, రెండు పక్కలా సుడి తిరిగిన పిడులతో ఉంటే పాపువా న్యూ గినీలోని మానుస్ దీవి వైపుది. పక్షి ఆకారమో చేప ఆకారమో ఉండి, నల్లటి ఒంటి మీద చిప్ప ముక్కలు మెరుస్తుంటే సొలొమన్ దీవులది. ఆ ముక్కలను అతికించే నల్లటి లప్పం ఒక అడవి కాయ గింజను నూరి చేస్తారు. ఈ దీవుల్లో విందు తొట్టెలు మనిషి పొడవును మించిపోతాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మొసలి ఆకారపు తొట్టె దాదాపు 7 మీటర్లు. 1891లో రొవియానా ప్రాంతం మీదికి వెళ్లిన బ్రిటిష్ యుద్ధనౌక వాళ్లు పట్టుకుపోయారు.

మందంగా, బల్లపరుపుగా, నగిషీ పెద్దగా లేకుండా ఉంటే వనువాటులోని బ్యాంక్స్ దీవులది కావచ్చు. కాల్చిన సీమపనసనో చేమదుంపనో దాని మీదే దంచి, కొబ్బరిపాలు పోసి, చెక్క కత్తితో ముక్కలు చేసి పంచుతారు. ఆ వంటకం పేరు నలోట్. దెబ్బలు తినడానికే పుట్టిన పళ్లెం ఇది. మిగతావాటి మీద దంచారో, పగులుతాయి.

ఫిజీ నుంచి తెచ్చుకున్నది కాళ్లున్న గుండ్రటి పాత్ర అయితే అది పళ్లెం కాదు, యంగోనా (ఒక మొక్క వేరు పొడిని నీటిలో కలిపి చేసే పానీయం) కలిపే ‘తానోవా’ అనే గిన్నె. ఫిజీలోని ‘లావు’ అనే దీవుల గుంపులో ఉన్న కంబారా దీవి ఈ పనికి పేరుమోసింది. ఆ చెక్క పేరు ‘వేసి’. క్విలా, వేసి ఒకే జాతి చెట్లు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ఈ పాత్ర కొన్ని తెలుగు కుటుంబాలకు కొత్తేమీ కాదు. లోపల యంగోనా పేరుకుని లేతరంగు పొర కడుతుంది. దాన్ని మురికి అనుకుని గీకేయకండి. వాడిన పాత్రకు అదే గౌరవం.

*సరిచూసుకోవడం:* అడుగున, రంగు పడని చోట భూతద్దంతో చూడండి. చెక్కలోని సన్న రంధ్రాల్లో పసుపురంగు చుక్కలు మెరుస్తుంటే క్విలా అని చాలావరకు నమ్మవచ్చు. ‘నల్లచేవ మాను’ అని చెప్పి అమ్మినదానికి అడుగున గోటితో కాస్త గీరినా తెల్లచెక్క బయటపడితే, అది నల్లరంగు పట్టించిన మరో చెక్క. అంతమాత్రాన చెడ్డది కాదు, ధర మాత్రం ఎక్కువ పెట్టారు.

2. పురుగు ఉందో లేదో చూడండి

పళ్లేన్ని నల్ల కాగితం మీద బోర్లించి రెండు వారాలు కదపకుండా ఉంచండి. మిగతా చెక్క సామానుకు దూరంగా, వేరే గదిలో పెట్టండి. తీసి చూసినప్పుడు కాగితం మీద మైదాపిండిలాంటి మెత్తటి పొడి కనిపిస్తే లోపల పురుగు తింటోందని అర్థం. రంధ్రాలున్నా పొడి రాలకపోతే అవి చాలావరకు పాతవే. క్విలా చేవను పురుగు అంత తేలిగ్గా ముట్టదు. అంచున చేవలేని తెల్లటి భాగం మిగిలి ఉంటే పురుగు చేరేది అక్కడే.

పురుగు ఉంటే చలిమందు వేయాలి. పళ్లేన్ని గుడ్డలో చుట్టి, పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, టేపుతో మూతి మూయండి. మైనస్ 18 డిగ్రీలు చూపించే డీప్ ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. విప్పితే గదిలోని తేమ చల్లటి చెక్క మీద నీరై కూర్చుంటుంది. ఇంకో రెండు వారాలు నల్ల కాగితం పరీక్ష మళ్లీ చేయండి.

చిప్ప ముక్కలు పొదిగినవాటిని ఇలా గడ్డకట్టించవద్దు, లప్పం వదిలేయవచ్చు. ఫ్రిజ్‌లో పట్టనంత పెద్దదైతే లైసెన్సు ఉన్న తెగుళ్ల నివారణ సంస్థకు అప్పగించండి, ఆ తర్వాత అందులో తిండి పెట్టకండి.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి కిరసనాయిలు పూయడం. పురుగు పోతుందో లేదో గాని వాసన మాత్రం పోదు, పళ్లెం గోడకే పరిమితమవుతుంది. రెండోది ఎండలో పెట్టడం. అప్పడాలకూ వడియాలకూ పనికొచ్చే ఎండ ఈ చెక్కకు శత్రువు. ఒక్క మధ్యాహ్నం చాలు, కొన నుంచి కొనకు బీట వేస్తుంది.

3. మన గాలికి అలవాటు చేయండి

తమి పళ్లేలు దొరికే, పాపువా న్యూ గినీలోని ‘లే’ అనే నగరంలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. హైదరాబాదులో అందులో నాలుగో వంతు కూడా పడదు. అక్కడి తేమలో పెరిగి, అక్కడే మలిచిన చెక్క మన మార్చి గాలిలో నీరు కోల్పోతుంది. నెమ్మదిగా కోల్పోతే ముడుచుకుంటుంది, ఒక్కసారిగా కోల్పోతే చీలుతుంది. చీలిక ఎప్పుడూ రెండు కొనల దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే చెక్క పోగులు తెగి నోళ్లు తెరుచుకుని ఉండేది అక్కడే.

అందువల్ల ఇలా చేయండి. పళ్లేన్ని రెండు పొరల నూలుగుడ్డలో చుట్టండి. కొనల దగ్గర ఇంకో రెండు మడతలు ఎక్కువ వేయండి. వార్తాపత్రికలు నింపిన అట్టపెట్టెలో పెట్టి, ఏసీ లేని గదిలో మంచం కింద ఉంచండి. వారానికి ఒకసారి తీసి తూకం వేసి, బరువు పెట్టె మీద రాసి మళ్లీ చుట్టేయండి. మొదట్లో బరువు వారం వారం తగ్గుతుంది. వరుసగా మూడు వారాలు దాదాపు ఒకే అంకె వస్తే చెక్క ఆరినట్టు. మామూలు పళ్లేనికి నెల, నెలన్నర పడుతుంది. మందమైనదానికి మూడు నెలలైనా ఆశ్చర్యం లేదు.

తూకం వేయడం అనవసరపు చాదస్తంగా కనిపించవచ్చు. కానీ చెక్క ఆరిందో లేదో కంటితో చెప్పడం ఎవరి తరమూ కాదు.

విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లవారికి ఈ అంచె కొంత తేలిక. రాయలసీమలో, తెలంగాణలో ఉండేవారు వేసవిలో తెచ్చుకుంటే మాత్రం ఒక్కరోజు కూడా విప్పి అలమరలో పెట్టకండి.

4. పైపూత ఏమిటో పరీక్షించండి

అసలు పని ఇది. అడుగున, కనిపించని చోట చేయండి.

ముందు పొడి వేలితో గట్టిగా రుద్దండి. నల్లటి పొడి వేలికి అంటితే అనుమానించాలి. పాపువా న్యూ గినీలో పాడైన టార్చిలైటు బ్యాటరీల లోపలి నల్లపొడిని రంగుగా వాడటం చాలాచోట్ల ఉంది. అది మాంగనీసు సమ్మేళనం, తిండికి తగలకూడదు.

తర్వాత తెల్లగుడ్డకు రెండు చుక్కల కొబ్బరి నూనె వేసి రుద్దండి. గుడ్డకు జిడ్డుగా నల్లరంగు అంటి, టర్పెంటైన్ వాసన వస్తే అది బూటు పాలిష్. నవ్వకండి, సందర్శకులకు అమ్మే పళ్లేలకు నిగారింపు తేవడానికి దీన్ని దండిగా వాడతారు. డబ్బా చవక, మెరుపు బాగుంటుంది, కొనేవాడు ఎలాగూ గోడకు తగిలిస్తాడని వాళ్ల లెక్క.

చివరగా తడిగుడ్డతో అద్దండి. గోధుమరంగో ఎర్రటి రంగో వస్తే కంగారు పడకండి. క్విలా తడిసినప్పుడల్లా దాని సహజమైన రంగు కొంత వదులుతుంది. నాలుగైదు తుడుపుల తర్వాత తగ్గుతుంది. ఈ నీరు తెల్లబట్టల మీద, గచ్చు మీద పడితే మరక పోదు, కాబట్టి కింద పాత పేపరు పరుచుకోండి.

తీర్పు ఇలా ఉంటుంది:

- గోధుమరంగు మాత్రమే వస్తే, లేదా పైన వార్నిష్, ఎనామిల్ పొర లేకుండా ఏమీ రాకపోతే: వడ్డనకు పనికొస్తుంది.
- బూటు పాలిష్ అయితే: తిండి నేరుగా పెట్టవద్దు. అరటి ఆకు పరిచి, ఆ ఆకు మీద పొడి పదార్థాలు పెట్టవచ్చు. అక్కడి ఊళ్లలోనూ ఆకులు పరిచి వడ్డించడం మామూలే, కాబట్టి ఇది తప్పనిసరి సర్దుబాటే అయినా సంప్రదాయానికి దూరం కాదు.
- బ్యాటరీ నలుపు, ఎనామిల్ రంగు, వార్నిష్ అయితే: గోడకే. ఆకు పరిచినా వద్దు.

పాలిష్ గీకేసి, గరుకు కాగితంతో రుద్ది వాడుకోవచ్చు కదా అని అడుగుతారు. వద్దు. పాలిష్ చెక్క పోగుల్లోకి దిగి ఉంటుంది, పూర్తిగా రాదు. పైగా బాడిస దెబ్బలు, ఉలి గాట్లు అన్నీ అరిగిపోతాయి. ఆ గాట్ల కోసమేగా కొన్నది!

5. శుభ్రం చేయండి

ముందు పెయింట్ బ్రష్షుతో పొడి దుమ్ము దులపండి. గీతల లోపల దంతధావన బ్రష్షుతో చాలా తేలికగా, గీత వెంటే నడపండి. అడ్డంగా రుద్దితే సున్నం ఊడుతుంది. తర్వాత గోరువెచ్చటి నీటిలో ఒక చుక్క సబ్బు కలిపి, గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. వెంటనే మంచినీటి గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. పళ్లేన్ని నీళ్లలో నానబెట్టకండి, గిన్నెలు కడిగే యంత్రంలో అసలే పెట్టకండి.

స్టీలు పీచు ఎందుకు కూడదంటే, దాని నుంచి రాలే ఇనుప నలుసులు క్విలాలోని వగరుతో కలిసి నల్లటి మచ్చలవుతాయి. ఆ మచ్చలు మళ్లీ పోవు.

చింతపండు మాట. ఇత్తడి బిందెలు తోమిన చేతులకు చింతపండు అందుకోవడం అలవాటు. తమి, ట్రోబ్రియాండ్ పళ్లేల తెల్లగీతలు సున్నం. పులుపు తగిలితే సున్నం నురగ కట్టి కరిగిపోతుంది. ఒక్క తోముడుతో నగిషీ మాయమవుతుంది. నిమ్మ, వెనిగర్, పుల్ల మజ్జిగ అన్నీ ఇదే పని చేస్తాయి.

ఇదే గుణంతో ఒక పరీక్ష కూడా చేయవచ్చు. కొత్త పళ్లెమైతే, అగ్గిపుల్ల కొనను నిమ్మరసంలో ముంచి, మారుమూల ఒక తెల్లచుక్క మీద పెట్టండి. సన్నటి బుడగలు వస్తే సున్నం, రాకపోతే రంగు. వెంటనే తడిగుడ్డతో అద్దేయండి. పాత పళ్లెం మీద ఈ ప్రయోగం చేయవద్దు.

పళ్లేనికి పొగ వాసన ఉంటే పోగొట్టే ప్రయత్నం వద్దు. ఊళ్లలో వీటిని పొయ్యి పైనున్న అటకల మీద దాస్తారు. ఆ పొగే ఇన్నాళ్లూ పురుగును దూరం పెట్టింది.

6. రాలిన తెల్లగీతలను నింపండి (అవసరమైతేనే)

పాత పళ్లేలను ముట్టకండి. కొత్తదై, ఒకటి రెండు చోట్ల సున్నం రాలితే మీరే నింపుకోవచ్చు. ఈ పని నూనె పట్టించకముందే జరగాలి. నూనె ఇంకిన గీతలో సున్నం నిలవదు.

మెలనీషియాలో పగడపు రాళ్లను, గవ్వలను కాల్చి సున్నం చేస్తారు. వక్కతో కలిపి నమిలేదీ, గీతల్లో నింపేదీ ఒకటే. మన తాంబూలపు గుల్లసున్నం సరిగ్గా దానికి సాటి. కిళ్లీ కొట్టు సున్నంలో రంగో సుగంధమో కలిపి ఉంటే వాడకండి, తెల్లటి గుల్లసున్నమే తీసుకోండి.

తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. సున్నం చర్మాన్ని పొక్కిస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి. సున్నాన్ని కొద్ది నీటితో చిక్కగా కలిపి, గీతను ముందు తడిగుడ్డతో అద్ది, గుడ్డ చుట్టిన వేలితో సున్నం గీతలోకి నొక్కండి. గీత బయట అంటినదాన్ని వెంటనే, గీతకు అడ్డంగా, పిండిన గుడ్డతో తుడిచేయండి. ఆలస్యమైతే రంగు వేయని చెక్క సున్నం తగిలిన చోట నల్లబడుతుంది. ఒక రోజు నీడన ఆరనిచ్చి, లోతు తగ్గితే మళ్లీ నింపండి. రెండు పలచటి పూతలు ఒక మందపాటి పూతకన్నా నయం. మందంగా నింపినది ఎండి పెచ్చుగా ఊడుతుంది.

సున్నం వద్దనుకుంటే సుద్దపొడిలో కొంచెం తుమ్మబంక నీళ్లు కలిపి వాడండి. తెలుపు కాస్త తక్కువ, ప్రమాదమూ తక్కువ.

*సరిచూసుకోవడం:* వారం తర్వాత పొడి వేలితో గీత మీద రుద్దండి. తెల్లపొడి వేలికి పెద్దగా అంటకపోతే పట్టినట్టే.

7. నూనె పట్టించండి

అక్కడా కొబ్బరి నూనే, ఇక్కడా అదే చాలు. గోరువెచ్చగా చేసి, గుడ్డతో పలచగా, కొనలతో మొదలుపెట్టి పూయండి. కొనలకు రెండు మూడుసార్లు పట్టించండి. గీతల్లోకి పోనివ్వకండి, సున్నం పసుపుపచ్చబడుతుంది. అరగంట ఆగి, మిగిలినదంతా తుడిచేయండి. తుడవకుండా వదిలేస్తే జిడ్డై, దుమ్ము పట్టి, కొన్నాళ్లకు కంపుకొడుతుంది. చాలామంది తప్పు చేసేది ఈ తుడవడంలోనే. మూడు రోజుల తర్వాత మరొకసారి.

ఇంకాస్త రక్షణ కావాలంటే ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతుల కొబ్బరి నూనె వేడినీటి గిన్నెలో పెట్టి కరిగించి, చల్లారాక రాయండి. చలికాలంలో గీతల్లో, మూలల్లో తెల్లగా పేరుకున్నది కనిపిస్తే బూజు అనుకోకండి, గడ్డకట్టిన నూనె కావచ్చు. వేలితో రుద్దితే కరుగుతుంది. కరగకపోతే అప్పుడు బూజు.

వేరుశనగ, నువ్వుల నూనెలు వద్దు, బంకగా మారతాయి. అవిసె నూనె బాగా గట్టిపడుతుంది గాని, తినడానికి అమ్మేదే కొనండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మరిగించిన అవిసె నూనెలో లోహపు మందులు కలుపుతారు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విడదీసి ఆరబెట్టాకే పారేయండి.

*సరిచూసుకోవడం:* వారం తర్వాత తెల్లగుడ్డను వేడినీటిలో ముంచి పిండి, పళ్లెం లోపల పది నిమిషాలు పరిచి ఉంచండి. లేత గోధుమరంగు తప్ప మరేమీ అంటకపోతే వడ్డనకు సిద్ధం.

8. వడ్డించండి

ఉడికించిన చిలగడదుంప, పెండలం, చేమదుంప, పండ్లు, గారెలు, బూరెలు, రొట్టెలు హాయిగా పెట్టవచ్చు. పులిహోర, టమాటా పప్పు, ఆవకాయ, పెరుగన్నం వద్దు. కారణం మీకు తెలిసిందే. పసుపు వేసిన కూర పెడితే చెక్కకు మరక పడుతుంది, లేతరంగు పళ్లెమైతే మరీ ప్రస్ఫుటంగా. పొయ్యి మీంచి దించిన గిన్నెను దాని మీద పెట్టకండి.

మొదటిసారి ఏం పెట్టాలని అడిగేవారికి నా ఓటు చేమదుంప ముద్దకు. చేమదుంపలను తొక్కతో మెత్తగా ఉడికించండి. సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. తొక్క తీసి, రోట్లో చిటికెడు ఉప్పుతో సాగే ముద్ద అయ్యేదాకా దంచండి. చెయ్యి తడి చేసుకుని, అరటి ఆకు పరిచిన పళ్లెంలో అరచేయి మందాన పరచండి. చిక్కటి కొబ్బరిపాలను సన్నని సెగ మీద మీగడ కట్టేవరకు కాచి, కాస్త చల్లారాక పైన పోయండి. చెక్క గరిటె అంచుతో నలుచదరపు ముక్కలు చేసి అందరూ ఒకే పళ్లెంలోంచి తీసుకోండి. బ్యాంక్స్ దీవుల మందపు పళ్లెం ఉన్న అదృష్టవంతులు రోలు మానేసి దాని మీదే దంచవచ్చు. మెత్తటి చెక్క బండనే వాడండి, రాతి పొత్రం వద్దు.

తిన్నాక గంటలోపు తుడిచి, నిలువుగా ఆనించి, నీడన ఆరబెట్టండి. రాత్రంతా ఎంగిలితో వదిలేస్తే కొబ్బరి పులిసి, ఆ పులుపు సున్నాన్ని తింటుంది.

ఎక్కువగా అడిగే మరికొన్ని

*ఎక్కడ పెట్టాలి?* స్టవ్వుకు, ఏసీ గాలికి, కిటికీ ఎండకు దూరంగా, చెక్క పలక మీద బోర్లించి. ఒకదానిలో ఒకటి దొంతర పెట్టకండి, అంచు నగిషీ అరుగుతుంది. వాడినా వాడకపోయినా ఏడాదికి రెండుసార్లు నూనె, అందులో ఒకటి వేసవికి ముందు.

*బూజు పట్టింది.* పొడిగుడ్డతో ఆరుబయట తుడవండి, మూడు రోజులు గాలి తగిలే నీడలో ఉంచండి. మళ్లీ పడితే పళ్లెంలో తేమ ఉందన్నమాట. మూడో అంచెకు వెళ్లి తూకం మొదలుపెట్టండి.

*చీలింది, జిగురు పెట్టనా?* పెట్టకండి. వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు గట్టిపడ్డ జిగురు పక్కనే కొత్త చీలిక తెస్తుంది. సన్నటి చీలికైతే కరిగించిన తేనెమైనం నింపండి. చీలిక చివర పెన్సిలుతో చుక్క పెట్టి నెలకోసారి చూడండి. చుక్క దాటి ముందుకు పోతే పళ్లేన్ని మళ్లీ గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. పసిఫిక్ దీవుల పాత పాత్రల మీద చీలికకు రెండు వైపులా చిన్న రంధ్రాలు పొడిచి తాడుతో కుట్టిన అతుకులు కనిపిస్తాయి. మీ పళ్లేనికి అలాంటి కుట్టు ఉంటే దాన్ని విప్పి ‘బాగు’ చేయించకండి. అలాంటి పళ్లెం వయసున్నది, వడ్డన నుంచి తప్పించి, పై అంచెల్లో పొడి బ్రష్షు దులపడం తప్ప మరేదీ చేయకండి.